ఖాళీ పల్లకీకి కూడు

పల్లకీలు నడిచే రోజుల్లో, ములగపాడు జమీందారు బోయీలు నలుగురూ ముసలివాళ్లే. వాళ్ల పెద్ద గవరయ్యకు భుజం కాయలు కాసింది, మోకాళ్లు అరిగాయి, అడిగినదే అడిగి నోరు కూడా అలిసిపోయింది.

"బాబూ, ఇద్దరు కొత్తవాళ్లను పెట్టుకుందాం. కొన్నాళ్లు ఖాళీ పల్లకీ మోసి అడుగు కలపడం నేర్చుకుంటారు. అందాకా దివాణంలో కూడు పెట్టించండి" అన్నాడు ఆ ఏడు కూడా.

"ఖాళీ పల్లకీ మోసేవాడికి కూడెందుకురా? నేను ఎక్కితేనే కూడైనా, కూలైనా" అన్నాడు జమీందారు, ఏటా అన్నట్టే.

ఈసారి గవరయ్య బతిమాలలేదు. "చిత్తం" అని ఊరుకున్నాడు.

మర్నాడు జమీందారు వియ్యంకుడి ఊరికి బయల్దేరాడు. వెనక దండె గవరయ్యా, ఇంకో ముసలాయనా పట్టారు. ముందు దండె కింద ఇద్దరు కొత్తవాళ్లు. ఊరు దాటకముందే పల్లకీ ఒరిగి తమలపాకుల పెట్టె జమీందారు ఒళ్లో పడింది. వాగు దిగేచోట తలపాగా నీళ్లపాలైంది.

"ఆపండ్రా. ఎవర్రా వీళ్లు?"

"పని నేర్చుకుంటున్నవాళ్లు, బాబూ."

"నేర్చుకోడానికి నేనే దొరికానా?"

"తమరు ఎక్కితేనే కూడన్నారు. మరి వీళ్లు ఇంకెక్కడ నేర్చుకుంటారు బాబూ?"

ముందు ఇంకా రెండు వాగులున్నాయి. జమీందారు దిగి, చెప్పులు చేతపట్టుకుని నడక సాగించాడు.

"బాబూ, వీళ్ల కూడు?" అని వెనకనుంచి అడిగాడు గవరయ్య.

"పెట్టిస్తాలేరా" అన్నాడు జమీందారు, వెనక్కి తిరగకుండా.

గవరయ్య "ఎడమకాలు ముందు" అన్నాడు కొత్తవాళ్లతో. ఖాళీ పల్లకీ జమీందారు వెనకే కదిలింది.