ముళ్లపందిని ఇంటికి పంపిన కుందేలు

కొండ కింద తంగేడు పొదల్లో కుందేళ్ల కాపురాలుండేవి. బొరియలు పన్నెండు, అన్నిటికీ కలిపి రౌటర్ ఒకటి. పచ్చిమేత ఎక్కడ మొలిచింది, వేటకుక్కలు ఎటు తిరుగుతున్నాయి, అన్ని కబుర్లూ దాని మీదుగానే వచ్చేవి. వీటన్నిటినీ మించిన సంగతి ఇంకోటుంది. తల్లులు పసికూనల్ని రోజుకో బొరియకి మార్చి, ఆ రోజు ఏ బొరియో అందులోనే రాసుకునేవాళ్లు. ఆ ఒక్క అంకె బయటికి పొక్కిందంటే పిల్లలు దక్కరు.

అందుకే రౌటర్ పక్కన ముళ్లపంది సుంకులమ్మని కూర్చోబెట్టారు. ఫైర్‌వాల్ అంటారే, ఆ కాపలా ఆమెది. బయటినుంచి ఏది రాబోయినా, "ఎవరు నువ్వు? లోపల నిన్నెవరు అడిగారు?" అనేది. జవాబు తిన్నగా రాలేదో, ముళ్లు నిక్కబొడుచుకునేవి.

ఆ బొరియల్లో ఓబులేసు అనే కుందేలు ఉండేవాడు. ఒకప్పుడు ఆ కొండవాలులో వాడిని మించి పరిగెత్తినవాళ్లు లేరు. ఉచ్చులో పడి వెనక్కాలు పోయింది. అప్పట్నుంచి వాడి పరుగంతా ఆన్‌లైన్ ఆటలోనే. తెర మీద వాడికి నాలుగు కాళ్లూ ఉండేవి మరి. ఆడుతున్నంతసేపూ కుంటితనం గుర్తొచ్చేది కాదు. వాణ్ణి ఏమని తప్పు పడతాం, పాపం!

ఏటవతలి జట్టుతో మూడు పందేలు పడ్డాయి. మూడుసార్లూ వాడి ఆట నడిమధ్యలో తెగిపోయింది. వాడి జట్టు నాయకుడు కబురు పెట్టాడు.

"ఓబులేసన్నా, రేపు మధ్యాహ్నం ఆఖరి పందెం. నీ ఆట ఇంకోసారి తెగిందంటే నీ చోట్లో వేరేవాళ్లని పెట్టుకుంటాం. ఏమీ అనుకోవద్దు."

ఆ చోటు కూడా పోతే ఇక ఈ జన్మకి పరుగు లేదు. ఓబులేసు కుంటుకుంటూ పోయి సుంకులమ్మ మీద పడ్డాడు.

"అత్తా, నా ఆటకి అడ్డం పడుతున్నది నువ్వే!"

"ఆపితే ఆపానని మొహం మీదే చెప్తాను కదరా! నీ ఆటకి ఏ పోర్ట్ కావాలో నెంబరు కనుక్కో, ఆ ఒక్క తలుపూ తీసిపెడతా. కానీ ముందు ఈ రౌటర్‌ని ఓసారి ఆపి, చల్లారాక మళ్లీ పెట్టు. నెల్రోజులుగా నడుస్తానే ఉంది, పెనంలా కాలిపోతోంది. ఒక్కొక్కటే చేసి చూద్దాం."

"ఒక్కొక్కటీ చూస్తూ కూర్చుంటే రేపటి పందెం కాస్తా అయిపోతుంది!"

విసవిసా బయటికొచ్చాడు. ముళ్లకంచె అవతల నక్క పెంచలయ్య గడ్డి పరక నములుతూ నిలబడి ఉన్నాడు.

"ఏం అల్లుడూ, మొహం అలా వేలాడేశావు? ఆటేనా? భయపడకు, నేను లోపలికి రాను. ఇక్కణ్ణుంచే చెప్తా."

"నీ మాట నేనెందుకు వినాలి మామా?"

"వినకు. రేపు నీ చోట్లో ఇంకొకడు పరిగెత్తుతుంటే కూర్చుని చూడు."

ఓబులేసు కదల్లేకపోయాడు. "సరే, చెప్పు."

"రౌటర్ ఆపు. ఆ ముళ్లావిణ్ణి ఇంటికి పంపు. ఆ తర్వాత రౌటర్ మళ్లీ పెట్టు. అంతే."

"రౌటర్ ఆపి మళ్లీ పెట్టమని అత్త కూడా అంది. ఆ ఒక్కటీ చేసి చూస్తే చాలదా?"

"మందు వేసుకున్నప్పుడు పథ్యం కూడా ఉంటాం కదా! రెండూ కలిపి చేస్తేనే గుణం."

ఆ మాట వాడికి సబబుగానే తోచింది. పోయి సుంకులమ్మతో, రేపు సాయంత్రం దాకా ఇంటిపట్టున ఉండమన్నాడు.

"పిల్లల తల్లులు ఒప్పుకున్నారా? మీ అక్క చెంచక్కని అడిగావా?"

"అడిగానత్తా," అన్నాడు, ఆమె కళ్లలోకి చూడకుండా.

ఆమె ముళ్లు దులుపుకుని వెళ్లిపోయింది. ఓబులేసు రౌటర్ ఆపి, కాసేపాగి మళ్లీ పెట్టాడు. ఆట తెరిచాడు. ఆహా, ఏం చెప్పమంటారు! ఆగి ఆగి నడవడం, ఆ ల్యాగ్ అన్నమాటే లేదు, నీళ్లు పారినట్టు సాగింది. ఇన్నాళ్లూ తనని ఆపింది సుంకులమ్మేనని వాడికి రుజువైపోయింది. నక్కకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం పందెం మొదలైంది. తెర మీద ఓబులేసు వాగులు దూకాడు, బండలు దాటాడు, అందరికంటే ముందు గీత తొక్కాడు. జట్టంతా "ఓబులేసన్న! ఓబులేసన్న!" అని అరిచింది. సంతోషంతో వాడికి ఒళ్లు తెలియలేదు.

సరిగ్గా అదే వేళకి, కాపలాలేని రౌటర్‌లోకి నక్క తన గుహలోనే కూర్చుని తొంగిచూశాడు. ఎవరు నువ్వని అడిగినవాళ్లు లేరు. ఏడో బొరియ అని చదువుకున్నాడు. తల్లులు మేతకి పోయే వేళ చూసుకుని వచ్చాడు.

చెంచక్క తిరిగొచ్చేసరికి తన మూడు పిల్లల్లో ఒక్కటే మిగిలింది, అదీ మట్టిపెళ్ల చాటున పడి ఉండబట్టి. ఆమె కేక విని కుందేళ్లన్నీ పరిగెత్తుకొచ్చాయి. ఓబులేసు అందరికంటే ఆఖర్న చేరాడు. బొరియ ముందు నెత్తురు చూసి కూలబడ్డాడు.

"నేనేనక్కా. ఆట కోసం అత్తని నేనే పంపించేశాను. నిన్నడిగానని అబద్ధం చెప్పాను."

"నీ కాలు పోయినప్పుడు మూడు నెలలు నీ నోటికి మేత అందించానురా. నాకు ఒక్క మాట చెప్పలేకపోయావా?" అని చెంచక్క గుండెలు బాదుకుంది.

కబురు తెలిసి సుంకులమ్మ వచ్చింది. తిట్టలేదు, కొట్టలేదు. తన చోట్లో కూర్చుంది.

"నేనిక్కడే ఉన్నా. ఇప్పుడు రౌటర్ ఆపి మళ్లీ పెట్టు. ఆట తెరువు."

"వద్దత్తా, నాకు ఆట వద్దు."

"తెరువు. నువ్వు చూసి తీరాలి."

ఓబులేసు తెరిచాడు. ఆమె అక్కడే ఉంది, ముళ్లన్నీ నిక్కబొడుచుకుని. ఆట ఎక్కడా తెగకుండా, నిన్నటిలాగే సాగింది.

"నిన్న నీ ఆట బాగుపడింది రౌటర్ చల్లబడి. నేను పోవడం వల్ల కాదు," అంది సుంకులమ్మ. "నేను పోవడం వల్ల బాగుపడింది నక్క ఒక్కడే."

ఓబులేసు తెర వంక చూశాడు. అందులో తన కుందేలు నాలుగు కాళ్లతో పరుగుకి సిద్ధంగా నిలబడి ఉంది. వాడు చూడలేక ఏడ్చాడు.

నీతి: రెండు మార్పులు ఒకేసారి చేసినవాడికి మేలు దేనివల్ల జరిగిందో తెలియదు, తెలిసేసరికి కాపలాని తన చేత్తోనే పంపేసి ఉంటాడు.