శుక్రవారం ఫోను

బాబా తనకి ఏమీ చెప్పడం లేదన్నది జిలాన్ బాషా బాధ.

బెంగళూరులో ఫోన్ల కంపెనీ ఉద్యోగం వదిలేసి, కదిరి బయట కరీముల్లా బాబా దగ్గర శిష్యుడిగా చేరాడు. అక్కడ ఒక చిన్న దర్గా, దాని వెనక ఉచిత వైద్యశాల, ఆ పక్కన పిల్లల బడి. వచ్చిన ప్రతి ఒక్కరితోనూ బాబా రెండు మాటలు మాట్లాడేవాడు. మేక తప్పిపోయిందని వచ్చినవాడితో కూడా. జిలాన్ వెళ్ళి ఎదురుగా కూర్చుని ఏదైనా చెప్పమంటే మాత్రం తస్బీ పూసలు తిప్పుతూ ఊరుకునేవాడు. జిలాన్ కాసేపు బాబాని చూసేవాడు. కాసేపు గోడ మీది బల్లిని చూసేవాడు. ఇంతలో వైద్యశాలలో ఫ్యాను తిరగడం లేదని గుర్తొచ్చి లేచి వెళ్ళేవాడు. ఆ ఫ్యాను ఎప్పుడూ సరిగ్గా అప్పుడే గుర్తొచ్చేది.

ఇలా ఉండగా ఒక భక్తుడు బెంగళూరులో ఆఫీసు ఎత్తేస్తూ, అక్కడి ఫోన్ల సరంజామా అంతా దర్గాకి పంపించాడు. ఇంటర్నెట్ పద్ధతిలో నడిచే ఫోన్లు, వాటన్నిటినీ నడిపించే ఒక పెట్టె. జిలాన్ మొహం చాలా రోజులకి వెలిగింది. వైద్యశాలలో ఒకటి పెట్టాడు, బడిలో ఒకటి, వంటసాలలో ఒకటి. వసారాలో బాబా పక్కనుండే పాత నల్ల ఫోను తీసేసి అక్కడా కొత్తది పెట్టాడు.

ఫోన్లు మాట్లాడుకునే పద్ధతుల్లో ఆ పెట్టెకి ఏవేవి వచ్చో బాబాకి కూర్చోబెట్టి చెప్పాడు. ఎస్ఐపీ వచ్చు, హెచ్ మూడువందల ఇరవైమూడు వచ్చు, ఇంకా ఏవేవో వచ్చు. ఈ సంగతులు నేను ముగ్గురిని అడిగాను. ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు, నాకు నాలుగో రకంగా అర్థమైంది. బాబాకి మాత్రం జిలాన్ తేలిగ్గానే చెప్పాడట.

"ఫోన్లకీ మర్యాదలుంటాయి బాబా. ఇది పిలుస్తుంది. అవతలిది 'మోగుతున్నా' అంటుంది. మనిషి ఎత్తగానే 'సరే' అంటుంది. ఇది 'విన్నాను' అంటుంది. ఆ తర్వాతే మాట. పెట్టేసేముందు కూడా 'వెళ్ళొస్తా' అని చెప్పాలి, అవతలిది 'మంచిది' అనాలి."

"మన ఊరివాళ్ళకంటే నయం," అన్నాడు బాబా.

"ఏ కంపెనీ ఫోను ఏ పద్ధతిలో మాట్లాడినా దీనికి అర్థమవుతుంది బాబా."

బాబా ఆ పెట్టెని చేత్తో తడిమి, వేడిగా ఉందన్నాడు.

ఇక శుక్రవారం ఫోను సంగతి. పాత నల్ల ఫోను ఉన్నప్పటి నుంచీ ప్రతి శుక్రవారం పొద్దు వాలే వేళకి వసారాలో ఫోను మోగేది. బాబా ఎత్తి చెవి దగ్గర పెట్టుకునేవాడు. అవతల మాట ఉండదు. బాబా కూడా మాట్లాడడు. తస్బీ తిరుగుతూ ఉండేది, ముంగిట్లో కోళ్ళు అరిచేవి, వంటసాలలో గిన్నెలు చప్పుడయ్యేవి, అవన్నీ అటు వినిపిస్తూ ఉండేవి. చాలాసేపటికి అవతలివాళ్ళు పెట్టేసేవాళ్ళు. అప్పుడు బాబా పెట్టేవాడు. అవతల మాట్లాడకపోతే నేనైతే రెండు హలోల తర్వాత వాళ్ళ తాతల దాకా వెళ్ళేవాణ్ణి.

ఎవరు బాబా అని జిలాన్ ఒకసారి అడిగాడు. తెలీదన్నాడు. ఏమంటారని అడిగితే, ఏమీ అనరన్నాడు. పాత లైను పాడై ఉంటుంది, మాట ఇటు రావడం లేదు, కొత్త పెట్టెతో ఆ రోగం కుదురుతుందని జిలాన్ తేల్చుకున్నాడు.

వైద్యశాలకి ఫోన్లు ఎక్కువ, లైన్లు తక్కువ. అందుకని అతను పెట్టెకి ఒక ఏర్పాటు కూడా చేశాడు. అవతల నుంచి కాసేపు మాట రాకపోతే ఆ లైను చచ్చిందని లెక్కగట్టి దానంతట అదే పెట్టేస్తుంది. ఊపిరి చప్పుడు లాంటివి మాట కింద జమ కావు.

శుక్రవారం వచ్చింది. ఫోను మోగింది. బాబా ఎత్తాడు. తస్బీ ఇంకా సగం తిరగకుండానే లైను తెగిపోయింది. మళ్ళీ మోగింది. మళ్ళీ తెగింది. ఇంకోసారి మోగినప్పుడు బాబా గట్టిగా, "ఉన్నాను, ఉన్నాను," అన్నాడు. అదీ తెగింది. తర్వాత మోగలేదు.

జిలాన్‌ని పిలిచి చూడమన్నాడు. జిలాన్ పెట్టె ముందు కూర్చుని చూసి, లోపమేమీ లేదన్నాడు. "మర్యాదగానే పెట్టేసింది బాబా. 'వెళ్ళొస్తా' అని చెప్పే పెట్టేసింది."

"ఎవరి తరఫున?" అన్నాడు బాబా.

జిలాన్ ఆ ఏర్పాటు ఆ పూటే తీసేశాడు. తర్వాతి శుక్రవారం బాబా ఫోను పక్కనే కూర్చున్నాడు. మోగలేదు. ఆ పైవారమూ అంతే.

లైను తెగిన రోజు పిలిచిన నంబరు పెట్టెలో ఉంది. గుంతకల్లు స్టేషను బయటి ఎస్టీడీ బూతుది. జిలాన్ రైలెక్కి వెళ్ళాడు. బూతు నడిపే ఓబులేసు పల్లీలు తింటూ అతన్ని పైనుంచి కిందికి చూశాడు.

"మాట్లాడకుండా పొయ్యే పెద్దాయనా? తెలీకేం. వారం వారం వస్తాండె. ఫోను చెవికి పెట్టుకుని కండ్లు మూసుకునేది, మీటరు తిరుగుతానే ఉండేది. మూగోడేమో అనుకుంటి నేను."

"ఇప్పుడు రావట్లేదా అన్నా?"

"ఆ పొద్దు మీరు తెంపినారు గదా. మళ్ళా జేసె, మళ్ళా తెంపినారు. మీటరు లెక్క ఇచ్చి, ఒక్క మాటన్యాడు. ఇన్నాళ్ళకి ఆయప్ప గొంతు అప్పుడే వింటి."

"ఏమన్నాడు?"

"'ఆయన కూడా పెట్టేసినాడు' అన్యాడు." ఓబులేసు పల్లీ తొక్కలు ఊదేశాడు. "ఎవురప్పా ఆ ఆయన? నువ్వేనా?"

జిలాన్ పొద్దు గూకేదాకా ఆ బూతు ముందు నిలబడ్డాడు. స్టేషనులో దిగినవాళ్ళు దిగినట్టు వెళ్ళిపోతున్నారు. అందులో ఆ పెద్దాయన ఉన్నా తను గుర్తుపట్టలేడని చాలాసేపటికి గాని తట్టలేదు. ఆయన పేరు ఓబులేసుకీ తెలీదు, ఊరూ తెలీదు.

తిరిగొచ్చేసరికి బాబా వసారాలోనే ఉన్నాడు. జిలాన్ ఎదురుగా కూర్చుని జరిగిందంతా చెప్పాడు. ఆ ఒక్క మాట నేల చూస్తూ చెప్పాడు. లైన్లు చాలక అలా చేశానన్నాడు. మాట లేని లైనులో మనిషి ఉంటాడని అనుకోలేదన్నాడు. రేపటి నుంచి ఏ ఊరికి వెళ్ళి వెతకాలో చెప్పమన్నాడు.

"ఏదైనా చెప్పండి బాబా."

బాబా తస్బీ తిప్పుతున్నాడు. కోళ్ళు గూట్లోకి చేరుతున్నాయి. వంటసాలలో ఎవరో గిన్నెలు కడుగుతున్నారు. గోడ మీద బల్లి తన చోట తను ఉంది. జిలాన్ కళ్ళు తుడుచుకున్నాడు. ఎదురుచూశాడు.

వైద్యశాల ఫ్యాను సంగతి చూడాలి అనుకుంటూ జిలాన్ నేల మీద చెయ్యి ఆనించి లేవబోయాడు.

"పెట్టేస్తున్నావా బేటా?" అన్నాడు బాబా.

జిలాన్ మళ్ళీ కూర్చున్నాడు.