ఓబులేసు సానబట్టిన కిటికీ

ఎవరేం అడిగినా నోటితో జవాబు చెప్పకుండా చేతికో పని అప్పగించడం కోదండాచారి గారి అలవాటు. బాలానగర్‌లో రాళ్ళకు సానబట్టేందుకు ఆయన పెట్టిన సానశాల పెత్తనమంతా ఇప్పుడు శిష్యురాలు తాయారుదే. ఆ ఉదయం ఆమే అడిగింది.

"గురువుగారూ, ఓబులేసు పద్దెనిమిదేళ్ళు సాన ముందు కొండలా నిలబడ్డవాడు. ఒక్కపూట సెలవు ఇవ్వనన్నానని పని మానేశాడేమిటండీ? మరీ అంత సున్నితమా?"

"కొలిమికి కిటికీ బిగించి రా అమ్మా" అన్నారు ఆచారి గారు.

కిటికీ అంటే అరచేతిలో పట్టే నీలం రాతి బిళ్ళ. పేరుకే నీలం, చూపుకు మంచినీళ్ళు. గాజు మెత్తబడే వేడిలోనూ చెక్కుచెదరదు. వజ్రంతో తప్ప గీత పడదంటే నమ్మాలి. కంటికి ఆనని వేడి కిరణాలకూ దారిస్తుంది కాబట్టి, కొలిమి ఎంత కాగిందో బయటినుంచే కొలవచ్చు. వెళ్ళిపోయే ముందు ఓబులేసు అలాంటివి రెండు సానబట్టాడు. వాటిని సానశాల కొలిమిలోనే పరీక్షించి తీసుకుపోవడానికి, కొలిములు తయారుచేసే కంపెనీవాళ్ళు వచ్చి కూర్చున్నారు.

"వేళ్ళతో బిగిస్తే చాలు" అన్నారు ఆచారి గారు. తాయారు వింటేనా! అంత గట్టి రాయికి భయమేమిటని, పానా పట్టి స్టీలు చట్రంలో ఇసుమంత కదలకుండా బిగించేసింది. కొలిమి రాజుకుంది. టప్‌మని కిటికీ అడ్డంగా చీలింది.

తాయారు పరుగున వెళ్ళి కొలిమి ఆర్పింది. మిగిలింది ఒక్కటే. అదీ పోతే మరొకటి చేయగల చెయ్యి సానశాలలో లేదు.

"వేడికి స్టీలు ఒక తీరున సాగుతుంది, నీలం ఒక తీరున" అన్నారు ఆచారి గారు. "మధ్యలో చోటేదమ్మా?"

ఈసారి తాయారు బిళ్ళ చుట్టూ వెంట్రుకవాసి సందు వదిలింది. వేడికి కాలని మెత్తని వలయం వేసి, వేళ్ళతోనే బిగించింది. కొలిమి వెలిగించి అటే చూసింది. లోపల ఎరుపు పసుపైంది, పసుపు తెలుపైంది. కిటికీ నిలిచింది! మంట సుడి తిరగడం ఎదురుగా కూర్చుని చూస్తున్నట్టే కనిపిస్తోంది. వేడి కొలిచే యంత్రం మీద అంకెలు పరుగెత్తాయి. వచ్చినవాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు.

తాయారు వయసు మరిచి గంతేసింది. "గురువుగారూ, చిన్న చీలికైనా లేదు! ఓబులేసు పనితనం చూడండి, ఎంత గట్టిదో!"

"ఆ మాట నాకెందుకమ్మా?" అన్నారు ఆచారి గారు. "వాడి ఫోన్ నంబరు నీ దగ్గరుందిగా. ఈసారి వదిలిన సందు సంగతీ వాడికే చెప్పు."