గుబురమ్మ పెట్టిన దిష్టి ముద్దలు

ఇప్పచెట్ల గుట్టలో గుబురమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. దానికి అనుమానం పుట్టుకతో వచ్చింది. గాలి వీస్తే ఎవరు ఊదారా అని చూసేది. ఆకు రాలితే ఎవరు తుంచారా అని తలెత్తేది. అలాంటి తల్లికి ఒక్కగానొక్క కొడుకు బుడంకాయ్. వాడు తిండి మానేశాడు.

మానేశాడంటే, నోటి దగ్గరికి తెచ్చిన ప్రతి ముద్దనీ వాసన చూసి ఆరా తీసేవాడు.

"ఇందులో ఏం పెట్టావు?"

"ఏమీ లేదురా, ఇప్పపువ్వు."

"ఇప్పపువ్వు లోపల?"

"లోపలా ఇప్పపువ్వే. నోరు తెరువు!"

తెరిచేవాడు కాదు. తల్లి పొద్దస్తమానం వాడి నోటికేసే చూస్తూ కూర్చునేది.

ఎలుగు తల్లులు పిల్లల్ని వీపున వేసుకుని తిరుగుతాయి. పులి వాసన తగిలిందంటే పిల్ల తల్లి బొచ్చుని గట్టిగా పట్టుకోవాలి, తల్లి పరుగు తీయాలి. అవతలి లోయలో పులి తిరుగుతోంది. బుడంకాయ్ చూస్తే ఆ వారంలోనే రెండుసార్లు జారి కిందపడ్డాడు. పట్టుకునే సత్తువ లేదు వాడికి. గుబురమ్మకి భయం పట్టుకుంది.

పక్క పొదలో ఉండే ముళ్ళపంది మాణిక్యమ్మ ఉండబట్టలేక అంది: "వదినా, కాసేపు అటు తిరిగి కూర్చో. వాడి మానాన వాణ్ణి వదిలెయ్. ఆకలి రుచెరగదంటారు."

"నేను అటు తిరిగితే నువ్వు ఇటు తిరిగి నా బిడ్డ తిండి మీద కళ్ళు వేద్దామనా?" అని కసిరింది గుబురమ్మ.

మాణిక్యమ్మ ముళ్ళు సర్దుకుని లోపలికి పోయింది.

ఈ మాటలన్నీ నక్క నాంచారయ్య చెవిన పడ్డాయి. మర్నాడు పొద్దున్నే నుదుట బూడిద పూసుకుని దిగాడు.

"చెల్లెమ్మా, అడగకూడదు గానీ... పిల్లాడికి ఎవరి కళ్ళైనా తగిలాయా?"

"నేనూ అదే అనుకుంటున్నా అన్నయ్యా!"

"పక్కవాళ్ళవేమో?"

"నేనూ అదే!"

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. గాలిని కూడా నమ్మని గుబురమ్మ నక్కని నమ్మింది.

నాంచారయ్య విరుగుడు చెప్పాడు. సాయంత్రం పూట మంచి ముద్ద ఒకటి కట్టి, పిల్లాడి చుట్టూ మూడుసార్లు తిప్పి, మూడు బాటలు కలిసేచోట పెట్టి రావాలి. వచ్చేటప్పుడు మాత్రం వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే దిష్టి మళ్ళీ ఇంటికే వస్తుంది.

మొదటిరోజు గుబురమ్మ దోసెడు ఇప్పపువ్వు పెట్టింది. పిల్లాడు తినలేదు. "మొండి దిష్టి చెల్లెమ్మా, తునికిపళ్ళు కలుపు" అన్నాడు నాంచారయ్య. రెండోరోజు పళ్ళు కలిపింది. పిల్లాడు తినలేదు. "తేనెపట్టుకి గానీ దిగదు" అన్నాడు నాంచారయ్య. అప్పటికే అతని పొట్ట కాస్త ముందుకొచ్చింది. గుబురమ్మ ముక్కు నిండా తేనెటీగలతో కుట్టించుకుని మరీ పట్టు దింపింది.

"దిష్టికి ఎండుమిరపకాయలు తిప్పుతారని విన్నాను గానీ, తేనెపట్టు తిప్పుతారని వినలేదు వదినా" అంది మాణిక్యమ్మ.

"దిష్టి పెట్టినవాళ్ళకి మంట ఉండదూ మరి!" అంది గుబురమ్మ.

మూడో సాయంత్రం గుబురమ్మ పట్టుని మూడు బాటల దగ్గర పెట్టి, బుడంకాయ్‌ని వీపున వేసుకుని, మెడ బిగబట్టి నడుస్తోంది. వెనక్కి చూడకూడదన్న నియమం తల్లికే గానీ పిల్లాడికి ఎవరూ చెప్పలేదు.

"అమ్మా, నక్క మావయ్య వచ్చాడు."

"చూడకురా! దిష్టి!"

"పట్టు తీసుకున్నాడు. రెండు చేతులా పట్టుకుని తింటున్నాడు. తేనె గడ్డం మీదుగా కారుతోంది. నాకేస్తున్నాడు. కళ్ళు మూసుకుని మరీ నాకేస్తున్నాడమ్మా!"

గుబురమ్మకి వీపు మీది బొచ్చు చురుక్కుమని లాగినట్టయింది. వాడి పిడికిళ్ళు ఎన్నాళ్ళకో బిగిశాయి. ఆ వెంటనే వీపు మీది నుంచి దూకి, పడి లేచి, వెనక్కి పరుగెత్తాడు. బిడ్డే అటు పరుగెత్తాక ఇంకేం నియమం? గుబురమ్మ వెనక్కి తిరిగింది.

బుడంకాయ్ నక్క ముందు నిలబడి మూతి చప్పరిస్తున్నాడు.

"మావయ్యా, చేదుగా లేదా?"

"తేనె చేదేమిట్రా?" అంది తల్లి రొప్పుతూ.

"ఆమధ్య నా కడుపులో పురుగులున్నాయని తేనెలో వేపాకు దాచి పెట్టావుగా? ఏమీ లేదని చెప్పావుగా?"

గుబురమ్మకి సిగ్గేసింది. గుట్టలో అందర్నీ అనుమానించింది గానీ, తనని అనుమానించేవాడు ఒకడున్నాడని తెలుసుకోలేదు. పట్టు అందుకుని ముందు తను ఒక ముక్క కొరికి తిని, మిగిలింది వాడి చేతిలో పెట్టి మొహం పక్కకి తిప్పుకుంది. వాడు నమిలే చప్పుడు మాత్రం చక్కగా వినబడింది.

నాంచారయ్య మెల్లిగా జారుకోబోయాడు.

"ఆగు అన్నయ్యా. ఏం చేస్తున్నావిక్కడ?"

"నీ బిడ్డ దిష్టి నేను మింగుతున్నా చెల్లెమ్మా! నీకోసం! మూడురోజుల దిష్టీ నా కడుపులోనే ఉంది!"

"అలాగా!" అని గుబురమ్మ గుట్టంతా దద్దరిల్లేలా గొంతెత్తింది. "ఓ మాణిక్యమ్మ వదినా! ఓ కుందేళ్ళూ, కౌజుపిట్టలూ! నాంచారయ్య కడుపు నిండా దిష్టే ఉందట, తనే చెప్పాడు! పిల్లల్ని లోపలికి లాక్కోండి, ఆయన కంట పడకండి!"

గుట్ట మీద కలుగులన్నీ ఒక్కసారే మూసుకున్నాయి. కుందేలు వాసన కూడా రాకుండా పోయింది.

"దిష్టీ లేదు, గిష్టీ లేదు! నేను తిన్నది ఉత్త తేనె!" అని గోలపెట్టాడు నాంచారయ్య.

"అయితే మూడురోజులూ పిల్లాడి నోటి దగ్గరి తిండి దొంగిలించావన్నమాట" అంది పొదలోంచి మాణిక్యమ్మ.

దిష్టి ఉందంటే ఎవరూ దగ్గరికి రానివ్వరు. లేదంటే దొంగ. నాంచారయ్య తేనె అంటిన గడ్డంతో గుట్ట దిగిపోయాడు.

నీతి: బిడ్డ ఎందుకు తినడో బిడ్డనే అడగాలి గానీ, దారిన పోయే నక్కని అడగకూడదు.