దాలినాయుడి ఇల్లరికం

మేనా వచ్చిందే మేనకోడలా, లేచి రావే.
మేనా నేనెక్కను మేనత్తా, నడిచొస్తానే.

నా చిన్నప్పుడు మా వీధి ఆడపిల్లలం చెమ్మచెక్క ఆడుతూ ఈ పాట పాడేవాళ్ళం. ఆ తర్వాత గాజులిస్తామని ఒకరు, గజ్జెలిస్తామని ఒకరు వచ్చి ఆ పిల్లని పిలుస్తారు. నడిచొస్తానంటుందే గానీ పిల్ల కదలదు. చివరికి ఎవరి మాట మీద లేచిందో, అసలు లేచిందో లేదో, ఆ చరణం ఎంత తడుముకున్నా నాకు దొరకడం లేదు. అక్షరాలు రానివాళ్ళం పాటనైనా మాటనైనా గుండెలోనే దాచుకోవాలి కదా. దాచినవన్నీ ఉండవు.

మనవలు హైస్కూలుకి వెళ్ళే వయసులో నేను పలక పట్టాను. మాకు చదువు చెప్పిన కనకాంగి టీచరమ్మగారు నాకంటే చాలా చిన్నది. నన్ను మామ్మగారూ అని పిలిచేది. వయసు చిన్నదైనా గురువు గురువే గనక, ఇకమీద ఆవిడని మన్నించే రాస్తాను. ఆవిడకొక అలవాటు ఉండేది. అక్షరం అడిగితే అక్షరం చెప్పేవారు. అక్షరాన్ని దాటి ఏదైనా అడిగితే మాత్రం జవాబు చెప్పకుండా లేచి చెప్పులు తొడుక్కునేవారు. "రండి, చూసొద్దాం" అనేవారు. నాతో పాటు చదువుకునే ముత్యాలు ఒకసారి ఓర్పంటే ఏంటని అడిగితే, చెరువుగట్టున చిక్కుపడ్డ వల విప్పుకుంటున్నవాడి పక్కన పూటంతా కూర్చోబెట్టారు. ముత్యాలు మళ్ళీ ప్రశ్నన్నది అడిగితే ఒట్టు.

ఒకనాడు ఆవిడ నా పలక మీద 'నమ్మకం' అని రాసి దిద్దమన్నారు. మకారం కింద మళ్ళీ మకారపు ఒత్తు నాకు ఒక పట్టాన లొంగలేదు. దిద్దాను, చెరిపాను, మళ్ళీ దిద్దాను. కుదిరాక పలక చూపించి అడిగాను. "రాయడం వచ్చింది టీచరమ్మగారూ. కానీ ఇది పుట్టేదెలాగండీ? తిండి పెడితే పుడుతుందా, కట్టి పడేస్తే పుడుతుందా?"

టీచరమ్మగారు చెప్పులు తొడుక్కున్నారు.

ఊరి చివర, బొబ్బిలి రోడ్డు పక్కన, కుక్కల శరణాలయం ఉండేది. దెబ్బలు తిన్న కుక్కల్నీ, ఎవరో వదిలేసిపోయినవాటినీ చేరదీసి, బాగయ్యాక పెంచుకుంటామన్నవాళ్ళకి ఇచ్చే చోటది. గేటు మీద బోర్డుంది. కొత్తగా చదువు వచ్చినవాళ్ళు బోర్డు కనిపిస్తే వదలరు. కూడబలుక్కుని పైకి చదివాను. "ఇచ్చట... కుక్కల... నమ్మకం లేదు." చదివి, అక్కడే నిలబడిపోయాను. "అదేంటండీ, అలా బోర్డు కట్టుకుంటారా ఎవరైనా?"

టీచరమ్మగారు నవ్వు బిగపట్టుకుని, "ఆ మూడో మాటలో మొదటి అక్షరం ఇంకోసారి చూడండి మామ్మగారూ" అన్నారు. చూశాను. న కాదు, అ. అమ్మకం లేదు. కుక్కల్ని డబ్బుకి ఇవ్వరని దానర్థం. సిగ్గుపడ్డాను గానీ, లోపలికి వెళ్ళి కాసేపు ఉన్నాక నేను చదివిందే సరైందేమో అనిపించింది.

లోపల ఒక పెద్దాయన నేల మీద గొంతుక్కూర్చుని, నీళ్ళ డ్రమ్ము వెనకున్న కుక్కని పిలుస్తున్నాడు. "కమ్ గవ్వా, కమ్. కమాన్ తల్లీ." ఆయన పేరు దాలినాయుడు. రైలు పట్టాల పనిచేసి రిటైరైన మనిషి, ఇంట్లో ఒంటరిగా ఉంటాడు. కుక్కలకి ఇంగ్లీషే తెలుస్తుందని ఎవరో చెప్పారని ఆ ఒక్క మాట నేర్చుకున్నాడట. కుక్క తెల్లది, మీద గోధుమరంగు మచ్చలు. అందుకే గవ్వ అని పేరు పెట్టుకున్నాడు. దాని మెడ చుట్టూ వేలెడు వెడల్పున బొచ్చు లేదు. చర్మం ముడతపడి ఉంగరంలా ఉంది. పిల్లగా ఉన్నప్పుడు ఎవరో తీగతో కట్టేసి మరిచిపోయారట. మెడ పెరిగింది, తీగ పెరగదు కదా. తీగ లోపలికి దిగిపోయాక దొరికింది వీళ్ళకి.

శరణాలయం చూసుకునే రాహేలమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. మంచి మనిషే గానీ నోటికి గడియ లేదు. "చూడండి టీచరుగారూ, మా పిల్లనిచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. సందు దొరికితే చాలు, పుట్టింటికి పరుగు. అల్లుడేమో వెనకాలే వచ్చి బతిమాలుకుంటాడు. ఏం నాయుడుబాబూ, కూడు సరిగా పెట్టట్లేదేటి?"

"కూడేటమ్మా, కొత్త పరుపు కొన్నాను. నేను కింద పడుకుని దాన్ని పరుపు మీద పడుకోబెట్టాను."

"అయితే పరుపు చూసే భయపడుంటాది. పోనీ ఇంకోదాన్ని తీసుకుపో. అదిగో, ఆ నల్లది పిలవకుండానే ఒళ్ళోకొస్తాది."

దాలినాయుడు ఆ నల్లదాని తల నిమిరాడు గానీ, "ఇది రాలేదని ఇంకోదాన్ని తీసుకెళ్తే, రానిది ఏటైపోవాల?" అన్నాడు.

రాహేలమ్మ చీపురు దించింది. అప్పుడు గొంతు మార్చి చెప్పింది. కొత్తగా వచ్చేవాటికి చోటు చాలడం లేదు. బియ్యం మిల్లు ఆసామి కాపలాకి కుక్క కావాలని తిరుగుతున్నాడు. గవ్వని చూసి వెళ్ళాడు. సంతరోజు వస్తానన్నాడు. "ఆయన గొలుసేసి కట్టేస్తాడు. ఇంక పారిపోడానికుండదు. ఇష్టమై కాదు బాబూ, నేనేం చెయ్యను. నువ్వే ఒక తాడు వేసి తీసుకుపోతే నాకీ గోల లేకపోను."

దాలినాయుడు డ్రమ్ము వైపొకసారి చూశాడు. తర్వాత లేచి పంచె దులుపుకున్నాడు. "ఆ మెడకి నేను తాడెయ్యనమ్మా. అది రాకపోతే నేనే ఇల్లరికం వస్తాను."

మేము నవ్వాం. రాహేలమ్మ అయితే చీపురు మీద ఆనుకుని మరీ నవ్వింది. ఎండ ఎక్కేలోగా ఆయన నిజంగానే నవారు మంచం బోర్లించి నెత్తిన పెట్టుకుని, చేతిలో గంజన్నం క్యానుతో తిరిగొచ్చాడు. మంచం డ్రమ్ముకి దూరంగా, అందరూ తిరిగే చోట వేసుకున్నాడు. రాహేలమ్మ నవ్వు ఆగిపోయింది. "ఏటి బాబూ, నిజంగానా?" అంది. "మరి మాటంటే మాటే కదమ్మా" అన్నాడాయన.

సంతరోజు వరకూ పాఠం మాకు అక్కడే జరిగింది. పలకలు తీసుకెళ్ళి వేపచెట్టు నీడలో కూర్చునేవాళ్ళం. ఇల్లరికపు అల్లుడికి ఊరికే కూడు పెట్టరని రాహేలమ్మ ఆయన చేత నీళ్ళు మోయించింది, గదులు కడిగించింది. ఆయన కిక్కురుమనకుండా చేశాడు. నాకు వింతగా తోచిందేమిటంటే, వచ్చిన దగ్గర్నుంచీ ఆయన గవ్వని పిలవడం మానేశాడు. కమ్ లేదు, రా లేదు. దాని కేసి చూడను కూడా చూడడు. గిన్నె పెట్టి పక్కకి వెళ్ళిపోతాడు. మిగతా కుక్కలన్నీ మీద పడి నాకుతుంటే వాటితో ఊసులు చెప్పుకుంటాడు. నాకు ఉండబట్టక, "అదేంటండీ, అందరితో మాట్లాడి దానితోనే మాట్లాడరు?" అన్నాను.

"ఇప్పుడు దాని ఇంటికి నేనొచ్చాను మామ్మా" అన్నాడు. "పిలవాల్సింది అది కదా."

టీచరమ్మగారు నా పలక మీద పాఠం రాస్తూ ఒక్క క్షణం ఆగారు. మళ్ళీ రాశారు.

గవ్వ డ్రమ్ము వెనకనుంచి చూసేది. ఆయన నీళ్ళు తేవడానికి వెళ్తే ముట్టె బయటపెట్టేది, తిరిగొస్తే లోపలికి తీసుకునేది. ఒక మిట్టమధ్యాహ్నం డ్రమ్ము నీడ తరిగిపోయి ఎండ దాని వీపు మీదికి వచ్చింది. ఆయన మంచం మీద కండువా కప్పుకుని పడుకున్నాడు. గవ్వ లేచింది. పొట్ట నేలకి రాసుకునేంత వంగి, మధ్యలో ఆగుతూ, వచ్చి ఆ మంచం కింద దూరింది. నేను "అమ్మో" అనబోయి చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన మెలకువగానే ఉన్నాడు. కండువా సందులోంచి కనిపించే కళ్ళు తెరిచే ఉన్నాయి, నేను చూశాను. కానీ వంగి చూడలేదు. పక్కకి ఒత్తిగిలితే మంచం కిర్రుమంటుందని కాబోలు, చెమట కారిపోతున్నా అలాగే వెల్లకిలా ఉండిపోయాడు.

సంతరోజు మిల్లు ఆసామి వచ్చాడు. బుల్లెట్టు బండి దిగి, చేతిలో గొలుసుతో నిలబడి మంచం వైపు చూశాడు. మంచం మీద దాలినాయుడు, మంచం కింద గవ్వ. "ఎవరితను?" అన్నాడు.

"మా అల్లుడండీ" అంది రాహేలమ్మ. "ఇల్లరికం వచ్చాడు."

"కుక్కేదీ?"

"కాపురంలో ఉందండి. కాపురం చేసుకుంటున్న పిల్లని అడుగుతారేటి బాబూ, బాగుంటాదా?"

ఆసామి నవ్వాడు. చెడ్డవాడు కాదు, పని మీద వచ్చినవాడు అంతే. "సరదా బాగానే ఉందమ్మా. నాకు మిల్లు దగ్గర కాపలా కావాలి. సాయంత్రం ఆటో పంపిస్తాను. అప్పటికి ఈయన కుక్కయితే ఈయన ఇంట్లో ఉంటుంది. ఇక్కడే ఉందంటే నాది. న్యాయమేనా?" అని గొలుసు గేటుకి తగిలించి వెళ్ళిపోయాడు.

రాహేలమ్మ గొలుసు తెచ్చి దాలినాయుడి ముందు పెట్టింది. ఇప్పుడావిడ గొంతులో వేళాకోళం లేదు. "ఈ ఒక్కసారికి వెయ్యి బాబూ. ఇంటికెళ్ళాక తీసి పారేద్దువు గాని. ఆటోలో మిల్లుకి పోవడం కంటే నయం కదా. నీ చేత్తో వేస్తే నొప్పుండదు."

దాలినాయుడు గొలుసు కేసి చూశాడు. చెయ్యి దానంతటదే వెళ్ళి ఆయన సొంత మెడని తడుముకుంది. వేసెయ్యకూడదా, ఒక్క పూటే కదా అని నేనూ లోపల అనుకున్నాను.

"వెయ్యను" అన్నాడు.

మంచం మీది కండువా తీసి తలకి చుట్టుకున్నాడు. మంచం ఎత్తాడు. కింద ఉన్న గవ్వ మీద ఎండ పడింది. అది నీడ ఏమైందా అన్నట్టు తలెత్తి చూసింది. ఆయన మంచం బోర్లించి నెత్తిన పెట్టుకుని, పిలవకుండా, చిటిక వెయ్యకుండా, గేటు దాటి రోడ్డెక్కాడు. పట్టాల మీద నడిచిన మనిషి గనక తూకంగా అడుగులేస్తూ నడిచాడు. నెత్తిన మంచం ఉన్నవాడు వెనక్కి తిరిగి చూడలేడు. తిరిగితే మంచమూ తిరుగుతుంది, పడుతుంది.

గవ్వ ఉన్నచోటే నిలబడింది. డ్రమ్ము వైపు చూసింది. మిగతా కుక్కల వైపు చూసింది. రాహేలమ్మ, "ప్రభువా, ప్రభువా" అని గొణుక్కుంటూ ఎటో చూస్తోంది. రోడ్డు మీద ఆయన చిన్నగా అయిపోతున్నాడు. నాలుగు కోళ్ళూ ఆకాశం వైపు పెట్టుకుని మంచమే నడిచిపోతున్నట్టుంది. నాకు ఏడుపొచ్చింది. ఒక్కసారి పిలవొచ్చు కదా ముసలాడు, ఇంగ్లీషులోనైనా పిలవొచ్చు కదా అనుకున్నాను.

గవ్వ గేటు దాకా నడిచింది. అక్కడ ఆగి గాలి వాసన చూసింది. తర్వాత రోడ్డెక్కింది. పరుగెత్తలేదు. రోడ్డు వారగా, ఆయనకి బాగా వెనగ్గా, తలొంచుకుని తన పాటికి తాను నడుస్తున్నట్టు నడిచింది. ఆయన రైలుగేటు దగ్గర ఆగితే అదీ ఆగింది. ఆయన కదిలితే అదీ కదిలింది. మంచం మీది నవారు కొస ఒకటి ఊడి వీపు మీద వేలాడుతోంది. దాన్నే చూస్తూ నడుస్తోంది.

నాకు పట్టశక్యం కాలేదు. పాపం, ఆ మనిషికి తెలియదు కదా. ఒట్టి చేతులతో ఇంటికి వెళ్తున్నాననుకుంటున్నాడు కదా. కొంగు బిగించి రోడ్డు మీదికి వచ్చి, "నాయుడూ! వస్తోంది నాయుడూ!" అని అరవడానికి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాను. టీచరమ్మగారు వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు. ఆవిడ చెయ్యి చల్లగా ఉంది. కళ్ళు మాత్రం రోడ్డు మీదే ఉన్నాయి. ఆ రోజుకి ఆవిడ నాతో మాట్లాడిన ఆఖరి మాట అదే.

"చెప్పకండి మామ్మగారూ. ఆయన అడగలేదుగా."