రెండు గవరయ్యలు

పిల్లలూ, పక్కపక్కనే కూర్చున్న ఇద్దరు ఒకరికొకరు కనబడకుండా పోవాలంటే మధ్యలో ఏముండాలి? గోడ అంటారు, చీకటి అంటారు. రెండూ అక్కర్లేదు. వినండి.

నేను పనిచేసిన బడిలో కంప్యూటర్లు నేర్పే గవరయ్య మాస్టారు ఉండేవారు. ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న పైడితల్లి ఒకసారి, "మాస్టారూ, నేను అచ్చం మీలాగ అయిపోతే నా చదువు పూర్తయినట్టేనాండీ?" అని అడిగింది. ఆయన విని తన పని చేసుకుపోయారు.

ఆ గదిలో ఒక పాత కంప్యూటరు ఉండేది. పెన్‌డ్రైవు పెడితే గుర్తుపట్టని కాలం నాటిది. పైడితల్లి తల్లి పాడిన నాట్ల పాటలు నలభై ఒకటి మాస్టారు అందులో రికార్డు చేసి దాచారు. ఇంకెక్కడా లేవు. ఆవిడ పోయి ఏడాది. ఇప్పుడేమో పాటలున్న ఆ డిస్కు పాడవబోతూ గరగరమంటోంది. పక్కనున్న మరో పాత కంప్యూటరుకు తీగ కలిపి పాటలు అందులోకి దించమని పైడితల్లికి అప్పగించి, మాస్టారు నాలుగు రోజులు ఎన్నికల డ్యూటీకి వెళ్ళారు.

అలా కలిపిన కంప్యూటర్లకు మనకు లాగే ఇంటిపేరూ, సొంత పేరూ పెట్టాలి. ఇంటిపేరు ఒకటైతే ఒకే గుంపని తెలుస్తుంది. అది సరిగ్గానే పెట్టింది పైడితల్లి. ఆపైన భక్తి కొద్దీ రెండింటికీ గవరయ్య అనే పేరు పెట్టింది. ఈ పేరుతో ఇంకొకటి ఉందని తెర మీద పడింది. ఉంటే ఉందిలే అని నొక్కేసింది. నాలుగు రోజులూ తీగలు మార్చింది, ఆపి మళ్ళీ వేసింది. ఒకదానికొకటి కనబడలేదు.

మాస్టారు వచ్చి చూశారు.

"రెండూ నేనేనా?"

"మా తాత పేరు మా ఇంట్లో నలుగురు మనవలకుందండి. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు."

"మరి పిలిచేటప్పుడో?"

"పెద్దోడు, బుల్లోడు, నల్లోడు..." అంటూ ఆగిపోయింది.

"రెండోదానికి నీ పేరు పెట్టు."

పెట్టింది. పాటలున్నది కనబడింది. ఒక పాట దిగింది, రెండోదీ దిగింది. మూడోది సగంలో ఉండగా డిస్కు టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. ఎన్నిసార్లు వేసినా మళ్ళీ లేవలేదు.

పైడితల్లి కుర్చీలోంచి కదలలేదు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. మాస్టారు అడిగారు.

"ఆ పాటలు నీకు రావా?"

"మాటలు వచ్చునండి. అమ్మలాగ పాడలేను."

"అమ్మలాగ పాడమని ఎవరన్నారు?"

ఆమె మొదట అడిగినదానికీ కలిపి అంతే అన్నారు. నేను వెళ్తున్నానర్రా, చింతపండు గింజలు సగమే తీశాను.