లోవమ్మ ఇంట్లో కొత్త గచ్చు

అనగనగా... మరీ రాజుల కాలం అనుకునేవు, అంత పాతదేం కాదు. ఏటి ఒడ్డున మగ్గాలపేట అని ఒక ఊరు ఉండేది. ఆ కాళ్ళు ఇటు పెట్టి బుద్ధిగా పడుకో, చెప్తాను. నడుమ నడుమ ఊఁ కొట్టాలి. లేకపోతే గోడకి చెప్పుకున్నట్టుంటుంది నాకు.

ఆ ఊళ్ళో అందరూ నేతపనివాళ్ళే. ప్రతి ఇంట్లో ముందు గదిలో, నేలలో ఒక గుంట ఉండేది. గుంట అంటే ఏదో ఎలక బొరియ అనుకోకు. మగ్గం నేలమీద ఉంటుంది. నేసేవాళ్ళు గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసి, కింద చెక్కల్ని తొక్కుతూ నేస్తారు. గుంటలో మట్టి చెమ్మగా ఉంటుంది. ఆ చెమ్మ తగిలితేనే నూలు తెగకుండా ఉంటుంది.

ఆ ఊళ్ళో లోవమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ నేసిన చీర కట్టుకుంటే ఒంటి మీద ఉన్నట్టే తెలిసేది కాదట, అంత పలచన. ఆవిడ మొగుడు చౌడయ్య. మంచివాడే పాపం, కానీ ఉత్త బెంగ మనిషి. ఇట్టే నీరుగారిపోతాడు.

ఒక ఏడాది పెద్ద తుఫాను వచ్చింది. ఏటిగట్టు తెగి నీళ్ళు ఊరి మీద పడ్డాయి. అయ్యయ్యో, ఏం చెప్పమంటావులే! జనం బిందెలు వదిలేశారు, మంచాలు వదిలేశారు. మగ్గాలు మాత్రం విప్పి, ఆ చెక్కలన్నీ నెత్తిన పెట్టుకుని, మెరక మీదున్న బడిలోకి పరిగెత్తారు. నీళ్ళు తీశాక చూస్తే గోడలు కూలిపోయి, ఇళ్ళ నిండా మోకాలి లోతు బురద.

అప్పుడు వచ్చింది పిడికిలి సంఘం. పెద్ద సంఘం ఏం కాదు సుమా! ఎగువన వరి పండే ఊళ్ళో కొంతమంది ఆడవాళ్ళు. రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి వేరే కుండలో వేసేవాళ్ళు. ఎవరికి కష్టమొస్తే వాళ్ళకి ఆ బియ్యం. వాళ్ళకి పెద్ద అచ్చాయమ్మ. మనిషి భారీ, గొంతు ఇంకా భారీ.

"మళ్ళీ వానొచ్చేలోగా ఏటిగట్టు లేవాలి. మీరంతా దాని సంగతి చూడండి, ఇళ్ళ సంగతి మేం చూస్తాం" అంది అచ్చాయమ్మ. సరేనని మగ్గాలపేట ఆడా మగా అందరూ గట్టు పనికి పోయారు. పొద్దున్నే వెళ్ళడం, చీకటి పడ్డాక వచ్చి బడిలో పడుకోవడం. ఇక్కడ ఊళ్ళో సంఘంవాళ్ళు కొంగులు బిగించి బురద ఎత్తిపోశారు. మేస్త్రీల్ని పెట్టి గోడలు లేపారు. పైన రేకులు వేయించారు.

అంతా బాగా చేసి, ఒక్కచోట పప్పులో కాలేశారు. వరి ఊరివాళ్ళు కదా, మగ్గం అన్నది ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. చూద్దామన్నా మగ్గాలన్నీ బడిలో ఉన్నాయాయె. బురద ఎత్తుతుంటే ఇంటింటికీ ఒక గొయ్యి బయటపడింది.

"ఓరి దేవుడా, వరద ఎంతలేసి గోతులు కోసిందే! పిల్లలు పడితే ఇంకేమన్నా ఉందా?" అంది అచ్చాయమ్మ. ఇంకేముంది, అందరూ కలిసి రాళ్ళు పోశారు, మట్టి పోశారు, దిమ్మిస కొట్టారు. పైన నున్నగా సిమెంటు గచ్చు చేశారు. లోవమ్మ ఇంట్లో గచ్చయితే అచ్చాయమ్మే కూర్చుని మెత్తింది. పాపం, అరచేతులు రెండూ బొబ్బలెక్కాయి.

ఆ తర్వాత గట్టు పని ముగిసింది. జనం మగ్గాలు మోసుకుంటూ ఇళ్ళకి వచ్చారు. గుమ్మాలకి మామిడాకులు, వాకిళ్ళలో ముగ్గులు, పొయ్యి మీద పరమాన్నం! లోవమ్మ సంబరంగా లోపలికి అడుగుపెట్టి గతుక్కుమంది. గుంట ఏదీ? ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గచ్చే. పక్కన అచ్చాయమ్మ ముఖం చూస్తే వెలిగిపోతోంది.

"ఎలా ఉందే పిల్లా?"

"మహా బాగుందండీ" అంది లోవమ్మ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషం కాబోలు అనుకుంది అచ్చాయమ్మ, వెర్రితల్లి.

ఊళ్ళో ఎవరూ నోరు మెదపలేదు. ఇల్లు నిలబెట్టి, అన్నం పెట్టినవాళ్ళని పట్టుకుని తప్పు చేశారని ఎలా అంటారు? ఎవరికి వాళ్ళే మొహమాటపడి ఊరుకున్నారు. మొహమాటం అంటే తెలుసుగా? మీ అత్త పెట్టిన కాకరకాయ కూర మింగలేక కక్కలేక "బాగుందత్తా" అన్నావు చూడు, అదీ.

అప్పుడు లోవమ్మ మగ్గాన్ని ఇటుకల మీద ఎత్తుగా నిలబెట్టి, పీట మీద కూర్చుని నేసి చూసింది. కాళ్ళు సాగవు, చేతులు అందవు, నడుం పట్టేసింది. ఇంతలో అచ్చాయమ్మ చూడ్డానికి వచ్చింది. గచ్చు మీద అరచెయ్యి రాసి మురిసిపోయింది. "ఏమైనా లోటుందా?" అంది. "ఏం లేదండీ" అంది లోవమ్మ.

ఆ తర్వాత పెరట్లో గుంట తవ్వి, మగ్గం అక్కడ పెట్టింది. ఎండకీ గాలికీ నూలు పెళుసెక్కి పుటుక్కు పుటుక్కున తెగిపోయింది. ఆ వారం కూడా అచ్చాయమ్మ వచ్చింది. గుమ్మంలోంచే పెరట్లో మగ్గాన్ని చూసి, "గచ్చు మాసిపోతుందని బయట పెట్టుకున్నావా? ఎంత ముచ్చటే నీకు! లోటేమీ లేదుగా?" అంది. లోవమ్మ తల అడ్డంగా ఊపింది.

ఆ తర్వాత పక్కింటివాళ్ళ మేకల పాకలో గుంట తవ్వి, మగ్గం పెట్టింది. నీడ ఉంది, చెమ్మ ఉంది, అంతా కుదిరిందనుకుంది. మేకలు ఊరుకుంటాయా? పడుగు నూలుకి, అంటే నిలువు పోగులకి, గంజి పెడతారు కదా, ఆ గంజి రుచి మరిగి, నాకి నాకి, ఆఖరికి నూలంతా నమిలేశాయి! నవ్వకు, ఆవిడ ఎంత ఏడ్చిందో. మూడోసారి అచ్చాయమ్మ వచ్చి లోటేమైనా ఉందా అని అడిగినప్పుడు లోవమ్మ "అదీ... ఒక మాట..." అని నోరు తెరిచింది. అంతలో అచ్చాయమ్మ అరచేతుల్లో బొబ్బల మచ్చలు కనపడ్డాయి. తెరిచిన నోరు మూసేసి, ఏం లేదన్నట్టు తలూపింది.

చౌడయ్య ఇంక ఆగలేకపోయాడు. "మన వల్ల కాదే. పొద్దున్నే ఇటుక బట్టీ లారీ వస్తోంది. పక్కింటివాళ్ళూ ఎక్కుతున్నారు. మనమూ పోదాం."

"బట్టీకి పోయినవాళ్ళు మళ్ళీ మగ్గం ముట్టుకున్నారా ఎక్కడైనా? నేను రాను."

"ఉండి ఏం చేస్తావు? ఆ గచ్చు నాకుతావా?"

లోవమ్మ ఆలోచనలో పడింది. ఇద్దరూ వెళ్ళిపోతే మగ్గం అటకెక్కినట్టే. వాళ్ళమ్మ వేలు పట్టుకుని నేర్పిన పని తనతో ఆఖరైపోతుంది. మర్నాడు పొద్దున్న చౌడయ్య మూట కడుతున్నాడు. లోవమ్మ వెళ్ళి గునపం తెచ్చింది.

ఒక పోటు వేసింది. గచ్చు చెక్కు చెదరలేదు. రెండో పోటుకి నెర్రె విచ్చింది. మూడో పోటుకి ఇంత పెళ్ళ లేచింది. లేచేసరికి గుమ్మంలో ఎవరు? అచ్చాయమ్మ!

"నా గచ్చు!" అని కేకేసింది. "నీకు మతి పోయిందటే?"

లోవమ్మ గునపం వదిలేసి బావురుమంది. "ఇది వరద కోసిన గొయ్యి కాదమ్మా! మేం కాళ్ళు పెట్టుకుని నేసుకునే గుంట. ఇది లేకపోతే మాకు మగ్గం లేదు. మగ్గం లేక జనం ఇవాళ ఊరు వదిలి పోతున్నారమ్మా!"

అచ్చాయమ్మ ఆ పెళ్ళ వైపు చూసింది, మగ్గం చెక్కల వైపు చూసింది, మూట వైపు చూసింది. అప్పుడు వచ్చింది చూడు కోపం! "మూడుసార్లు అడిగానే! మూడుసార్లూ గంగిరెద్దులా తలూపావు కదే!"

"మీ చేతుల బొబ్బలు చూసి నోరు రాలేదమ్మా."

"బొబ్బలు మానిపోతాయే పిచ్చిదానా. మీరంతా వెళ్ళిపోతే ఈ గోడలు ఎవరికి కట్టినట్టు?" అంటూ నెత్తి కొట్టుకుంది. "అసలు నాకుండాలి బుద్ధి. ఇంటింటికీ ఒకే కొలతలో గొయ్యి ఎందుకుందని బడిదాకా వెళ్ళి ఒక్క మాట అడిగి చావొద్దూ!"

అని, కొంగు బిగించి గునపం అందుకుంది. వీధిలోకి చూస్తూ, "ఇంకా ఎవరింట్లో కావాలర్రా గుంట?" అని అరిచింది. ముందు ఎదురింటి తాత మెల్లిగా చెయ్యెత్తాడు. ఆ తర్వాత పక్కింటావిడ ఎత్తింది. ఆ తర్వాత వీధి వీధంతా ఎత్తింది. ఎక్కడెక్కడి గునపాలూ బయటికొచ్చాయి. ప్రతి ఇంట్లోంచీ దబ్ దబ్ మని ఒకటే మోత. అచ్చాయమ్మ తిడుతూనే ఉంది, తవ్వుతూనే ఉంది.

అంతలో లారీ వచ్చి హారన్ కొట్టింది. చౌడయ్య మూట భుజానేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అటు లారీ. ఇటు చూస్తే మోకాలి లోతు గుంటలో లోవమ్మ, ఒళ్ళంతా మట్టి, తలెత్తకుండా తవ్వుతోంది. ఉండమనలేదు, పొమ్మనలేదు. హారన్ మళ్ళీ కొట్టారు. చౌడయ్య మూట కింద పెట్టాడు.

"ఏమేవ్, ఆ లోతు చాలదే. నీ కాళ్ళు పొడుగు" అంటూ గుంటలోకి దిగి, ఆవిడ చేతిలో గునపం తీసుకున్నాడు.

కథ చేరింది కంచికి,
కునుకు చేరాలి కంటికి.